చీకటి క్లాసులో పెద్దిరాజు గారు

మా కాలేజీలో చరిత్ర చెప్పే పెద్దిరాజు గారికి ఈ లోకంలో ఏ పనీ సవ్యంగా జరుగుతుందన్న నమ్మకం లేదు. "లాభం లేదండి" అన్నది ఆయన ఊతపదం. ఎదుట ఉన్నది నాలాంటి చిన్నవాళ్ళైతే "లాభం లేదమ్మా". పొద్దున్నే స్టాఫ్‌రూములోకి వస్తూ ఆ మాట అనేవారు, సాయంత్రం సంచీ సర్దుకుంటూ అనేవారు. మధ్యలో కాఫీ వస్తే కాఫీని చూసి అనేవారు.

బస్సు ఆలస్యమైతే అందరూ బెంగపడతారు. పెద్దిరాజు గారు బస్సు టైముకి వస్తే బెంగపడేవారు. ఒకరోజు రాజమండ్రిలో కాకినాడ బస్సు సరిగ్గా టైముకొచ్చి మా ముందు ఆగింది. నేను సంబరంగా ఎక్కబోయాను.

"లాభం లేదమ్మా సూర్యకళా" అన్నారు వెనక నుంచి.

"ఏమైందండీ, వచ్చింది కదా?"

"అదే నా భయం. ఇంత బాగా వచ్చిందంటే ఎక్కడో ఆగిపోతుంది."

సామర్లకోట దాటాక టైరు పేలింది. ప్రయాణికులంతా డ్రైవరుని తిడుతుంటే ఆయన మాత్రం హాయిగా దిగి, గట్టు మీద రుమాలు పరుచుకుని కూర్చున్నారు.

ఒకసారి స్టాఫందరం కలిసి కోరుకొండ వెళ్ళాం. అన్ని మెట్లూ ఎక్కి, రొప్పుకుంటూ నరసింహస్వామి ఎదుట నిలబడి దండం పెట్టుకున్నాక, "ఏం కోరుకున్నారండీ?" అని అడిగాను. "ఏం కోరుకుంటామమ్మా, ఇంకా దిగాలి కదా" అన్నారు.

ఇందులో ఆయన తప్పేమీ లేదనుకుంటాను. చెప్పేది చరిత్ర. శాతవాహనుల దగ్గర మొదలుపెట్టి ఏ రాజ్యం చెప్పినా చివరి పాఠంలో అది కూలిపోవలసిందే. అన్ని సామ్రాజ్యాలు పడిపోవడం ఏటేటా దగ్గరుండి చూసిన మనిషికి మా కాలేజీ మీద నమ్మకం ఎలా ఉంటుంది? అందుకని ఆయన ప్రతిదానికీ రెండోది దగ్గరుంచుకునేవారు. చేతిసంచీలో రెండో కళ్ళజోడు, రెండో పెన్ను, ఎండాకాలంలో కూడా గొడుగు, కొవ్వొత్తులు, అగ్గిపెట్టె, టార్చిలైటు, ఆ లైటుకి వేరే బ్యాటరీలు, చెప్పు తెగితే కుట్టుకోవడానికి సూదీ దారం. మా అటెండరు బుల్లియ్య ఆ సంచీ మోయబోయి కింద పెట్టేసి, "రాజుగారూ, కాశీకి గానీ వెళ్ళిపోతున్నారా అండి?" అని అడిగాడు.

రెండు వేల నాలుగులో మా కాలేజీకి ప్రొజెక్టరు వచ్చింది. కంప్యూటరులో పెట్టిన స్లైడుని గోడంత పెద్దది చేసి తెర మీద చూపించే యంత్రం. మా ప్రిన్సిపాల్ శివరామకృష్ణ గారు దాన్ని కొత్త కోడల్ని తీసుకొచ్చినట్టు తీసుకొచ్చారు. కొబ్బరికాయ కొట్టారు. హారతిచ్చారు. బొట్టు పెట్టమని బుల్లియ్యకి చెబితే అతను సరాసరి అద్దం మధ్యలో గంధమూ కుంకుమా పెట్టాడు.

"అక్కడ పెట్టావేంటి బుల్లియ్యా?"

"దాని మొహం అదే కదండీ."

పూజ చేసి పెట్టిన బొట్టు తుడిస్తే అపచారమని ఎవరూ చెయ్యి వేయలేదు. ఆ వారమంతా యంత్రంతో పాటు వచ్చిన సీడీలోంచి ఏ పాఠం చూపించినా తెర మీద మసకగా ఒక ఎర్రచుక్క ఉండేది. నేను చెప్పేది ఎకనామిక్సు. డిమాండు రేఖా సప్లయి రేఖా కలిసేచోట సమతౌల్య బిందువు అని ఒకటుంటుంది. పిల్లలు నా రేఖల్ని వదిలేసి, పక్కనున్న బుల్లియ్య బొట్టునే సమతౌల్య బిందువు అనుకుని నోటు పుస్తకాల్లో ఎర్ర పెన్నుతో దిద్దుకున్నారు. పరీక్షలో కూడా అలాగే వేశారు.

అంతటితో ఆగితే బాగుండేది. ఇకమీదట ప్రతి లెక్చరరూ స్లైడ్లతోనే పాఠం చెప్పాలని ప్రిన్సిపాల్ గారు ఆర్డరు వేశారు. కాలేజీలకి గ్రేడు ఇచ్చే కమిటీ ఫిబ్రవరిలో వస్తోంది, అప్పటికి నల్లబల్ల అన్నది ఎవరికీ గుర్తుండకూడదన్నారు. మాలో ఎవరికీ కంప్యూటరు రాదు. ఊళ్ళో కంప్యూటరు బాగా వచ్చిన మనిషి ఒక్కడే, పెళ్ళి వీడియోలకి మిక్సింగ్ చేసే చిట్టియ్య. అందరం మా పాఠాలు పట్టుకెళ్ళి అతని చేతిలో పెట్టాం.

నా స్లైడు చూస్తే నాకే కళ్ళు తిరిగాయి. గులాబీ రంగు మీద పసుపుపచ్చ అక్షరాలు. ఎడమ నుంచి డిమాండు రేఖ పూలదండలా ఊగుతూ వచ్చింది. కుడి నుంచి సప్లయి రేఖ వచ్చింది. వెనక నాదస్వరం. రెండూ కలిసేసరికి ఆ చోటు నుంచి రెండు తెల్ల పావురాలు ఎగిరిపోయాయి.

"పావురాలెందుకండీ చిట్టియ్య గారూ?"

"కలుసుకున్నారు కదండీ" అన్నాడు, అంత మాత్రం తెలియదా అన్నట్టు.

అయితే తప్పంతా అతని మీద తోసేయడం న్యాయం కాదు. గోదావరి వాళ్ళకి ఆకులో ఖాళీ కనిపిస్తే వడ్డించేవాడి పరువు పోయినట్టే. స్లైడునీ మేము అలాగే చూశాం. ఓ మూల ఖాళీ ఉంటే ప్రిన్సిపాల్ గారి ఫొటో పెట్టాం. ఇంకో మూల కాలేజీ బిల్డింగు. పైన స్వాగతం, కింద ధన్యవాదాలు, పక్కన పూలకుండీ. తీరా పాఠానికి చోటు చాలక అక్షరాలు చీమలంత అయిపోయాయి.

పెద్దిరాజు గారు స్టాఫ్‌రూములో ఆ స్లైడ్లన్నీ చూసి నిట్టూర్చారు. "లాభం లేదమ్మా. విస్తరి నిండా వడ్డించేశారు. తినేవాడు చెయ్యెక్కడ పెట్టాలి?"

ఆయన బాధ దేని గురించో అప్పటికి మాకు పట్టలేదు. ఆయన బాధపడని విషయమంటూ లేదు కాబట్టి.

ఇక్కడ ఇద్దరు ఆడపిల్లల గురించి చెప్పాలి. బి.ఏ. రెండో సంవత్సరంలో మొదటి బెంచీలో పక్కపక్కనే కూర్చునేవారు. సత్యశ్రీకి పుట్టుకతోనే చూపు లేదు. కాకినాడ హార్బరు దగ్గర వాళ్ళిల్లు. తండ్రి వేటకి వెళ్తాడు, తల్లి తలుపులమ్మ చేపలమ్ముతుంది. లోవలక్ష్మిది తుని వైపు వ్యవసాయం చేసుకునే కుటుంబం. చిన్నప్పుడు జ్వరమొచ్చి రెండు చెవులూ పోయాయి. మాట ఉంది, మనిషి పెదాలు చూసి ఏమంటున్నారో గ్రహిస్తుంది. తన గొంతు తనకి వినబడదు కాబట్టి ఆ పిల్ల గుసగుస వెనక బెంచీ దాకా వినిపించేది.

నల్లబల్ల ఉన్న రోజుల్లో ఆ ఇద్దరూ కలిసి ఒక క్లాసు నెగ్గుకొచ్చేవారు. బల్ల మీద రాసింది లోవలక్ష్మి చదివి సత్యశ్రీ చెవిలో చెప్పేది. లెక్చరరు బల్లవైపు తిరిగి మాట్లాడితే పెదాలు కనిపించవు కదా, ఆ మాటలు సత్యశ్రీ వింటూ లోవలక్ష్మి వైపు మొహం తిప్పి మళ్ళీ అనేది. మొదటి సంవత్సరం ఇద్దరూ అలాగే పాసయ్యారు.

స్లైడ్లు రాగానే కిటికీలు మూశాం, లైట్లు తీసేశాం. బల్ల మీద రాసేటప్పుడు ప్రతి మాటా పైకి అనడం మాకు అలవాటు. స్లైడు మీద మాటలు ముందే ఉన్నాయి కాబట్టి ఇక నోటికి పనిలేకుండా పోయింది. "ఇక్కడ చూడండి. ఇది ఇలా పెరిగితే అది అలా తగ్గుతుంది. అర్థమైంది కదా. నెక్స్ట్." సత్యశ్రీకి అందింది ఆ ఇది, అది మాత్రమే. లోవలక్ష్మికి చీకట్లో మా పెదాలూ కనబడలేదు, సత్యశ్రీ పెదాలూ కనబడలేదు. పాపం ఆ చీమల అక్షరాలు కూడబలుక్కుని సత్యశ్రీకి చదివి వినిపించబోతే క్లాసంతా మారుమోగేది. "సైలెన్స్" అనేవాళ్ళం. ఆ మాట ఆమెకి వినబడదు కాబట్టి ఆపేది కాదు. పొలిటికల్ సైన్సు చెప్పే దుర్గాసాయి గారైతే ఇద్దర్నీ వరండాలోకి పంపేశారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే పెద్దిరాజు గారు అందరి క్లాసులకీ వచ్చి కూర్చోవడం మొదలుపెట్టారు. నా క్లాసుకీ వచ్చారు. మొదటి బెంచీ చివర కూర్చుని, కళ్ళు మూసుకుని, గంట కొట్టాక తెరిచారు. స్టాఫ్‌రూములోకి వచ్చి, "లాభం లేదమ్మా, నాకేం అర్థం కాలేదు" అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "గంటసేపు నిద్రపోయి అర్థం కాలేదంటారేంటండీ?"

"నిద్రపోలేదమ్మా. కళ్ళు మూసుకున్నాను. సన్నాయి వినబడింది, ఎవరి పెళ్ళో తెలియలేదు."

మర్నాడు చెవుల నిండా దూది కుక్కుకుని వచ్చారు. "జలుబు చేసిందాండీ?" అని అడిగితే, "ఎవరు పోయారమ్మా?" అన్నారు. ఇక ఆయనకి చాదస్తం ముదిరిందని అందరం తేల్చేశాం. దుర్గాసాయి గారు మాత్రం, రిటైర్మెంటు దగ్గర పడితే కొందరికి ఇలాగే ఉంటుందండి, మనమే సర్దుకుపోవాలి అని పెద్దమనసు చేసుకున్నారు.

హాఫ్ ఇయర్లీ పరీక్షల్లో ఆ ఇద్దరు పిల్లలూ అన్ని సబ్జెక్టులూ తప్పారు. ఆ మరుసటి సోమవారం తలుపులమ్మ వచ్చింది. వరండాలో నేనూ పెద్దిరాజు గారూ నిలబడి ఉన్నాం. సత్యశ్రీ తల్లి చెయ్యి పట్టుకుని తలొంచుకుంది.

"పిల్లని తీసుకెళ్ళిపోతానండి" అంది తలుపులమ్మ. "కళ్ళు లేని పిల్లకి రోజూ ఇక్కడ సినిమా వేస్తున్నారంట కదండీ. ఇంకెందుకండీ మాకీ చదువు? నాతో కూర్చుంటే బేరమైనా నేర్చుకుంటాది."

పెద్దిరాజు గారు ఇప్పుడు ఆ మాట అంటారు, ఈ తల్లికి అది కూడా వినాల్సి వస్తుంది అని భయపడ్డాను. ఆయన గొంతు సవరించుకున్నారు. "మార్చి పరీక్షల దాకా ఉంచమ్మా. అప్పుడు కూడా తప్పితే నేనే బస్సెక్కించి పంపిస్తాను" అన్నారు.

"పాసవుద్దంటారా అండి?"

"అవుతుందమ్మా."

తలుపులమ్మ చాలాసేపు ఆయన మొహంలోకి చూసి, సరేనంది. వాళ్ళు గేటు దాటేదాకా చూసి ఆయన నా వైపు తిరిగారు. "లాభం లేదమ్మా సూర్యకళా. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. ఆ పిల్లకి మన క్లాసుల్లో ఏం దొరుకుతోందో చూద్దామని నేను కళ్ళు మూసుకుని కూర్చున్నాను. ఏమీ దొరకట్లేదు. రెండో పిల్ల సంగతి చూద్దామని చెవుల్లో దూది పెట్టుకున్నాను. అక్కడా అంతే. మార్చికి వీళ్ళు పాసవడం కల్ల."

నాకు సిగ్గేసింది. కోపం కూడా వచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలియక తిన్నగా వెళ్ళి చిట్టియ్య మీద చూపించాను.

ఆ సాయంత్రం నుంచి నేనూ పెద్దిరాజు గారూ చిట్టియ్య షాపులో తేలాం. ఒక్కో స్లైడూ తెర మీదకి రావడం, ఆయన నిట్టూర్చడం.

"లాభం లేదు చిట్టియ్య గారూ. ఆ పావురాలని తోలేయండి."

"మంచి పావురాలండీ రాజుగారూ. హైదరాబాదు నుంచి తెప్పించిన సీడీలోవి."

"పూలకుండీ తీసేయండి. సన్నాయి ఆపేయండి. గులాబీ రంగు మీద పసుపు ఎవరికి కనబడుతుందండీ? తెలుపు మీద నలుపు పెట్టండి. అక్షరం పెద్దది చేయండి. ఇంకా పెద్దది. స్లైడుకి నాలుగు మాటలు చాలు."

"నాలుగేనా అండి? మరీ ఖాళీగా ఉంటదండి. చూసినవాళ్ళు ఏమనుకుంటారు?"

"చదువుకుంటారు."

అన్నీ తీసేశాక చిట్టియ్య తెర వైపు దిగులుగా చూశాడు. "పెళ్ళి స్లైడుని పెద్దకర్మ స్లైడు చేసేశారండీ" అన్నాడు.

దయ, జాలి, సేవ లాంటి మాటలు పెద్దిరాజు గారి నోట ఒక్కటీ రాలేదు. ఆయన పద్ధతంతా అనుమానం మీదే నడిచేది. "కరెంటు పోతుందమ్మా. పోక మానదు. అప్పుడు నీ పాఠంలో ఏం మిగులుతుందో చెప్పు" అని కంప్యూటరు తెర ఆపేసేవారు. ఆపేశాక కూడా స్లైడులో ఏముందో వినేవాడికి తెలిసేలా నేను చెప్పాలి. ఇది, అది అంటే ఒప్పుకునేవారు కాదు. "ఏది? ఎటు? పైకా కిందికా?" అని ప్రాణం తీసేవారు. తరవాత చెవుల్లో దూది పెట్టుకుని, "ఇప్పుడు నీ గొంతు మీద నమ్మకం లేదనుకో, మొహం చూపించి చెప్పు" అనేవారు. పెళ్ళి క్యాసెట్ల కోసం వచ్చిన జనం, ఒక లేడీ లెక్చరరు గొంతు రాకుండా నోరు కదపడం, ఎదురుగా దూది చెవుల పెద్దమనిషి తల అడ్డంగా ఊపడం చూసి, చిట్టియ్య వైపు ఏంటన్నట్టు సైగ చేసేవారు. అతను కూడా సైగతోనే, మనకెందుకులెండి అనేవాడు.

రేఖల సంగతి మాటలతో తెగలేదు. అప్పుడాయన సంచీలోంచి సూదీ దారం తీసి, ఒక అట్టముక్క మీద డిమాండు రేఖని లావు దారంతోనూ, సప్లయి రేఖని సన్న దారంతోనూ కుట్టారు. వేలు పెట్టి తడిమితే ఏది ఎటు పోతోందో తెలుస్తుంది. "లాభం లేదమ్మా, వంకర పోయింది" అని విప్పి మళ్ళీ కుట్టారు. నాకు మటుకు ఆ అట్ట చూస్తుంటే ఏడుపొచ్చింది. నవ్వి ఊరుకున్నాను.

ఫిబ్రవరి వచ్చింది. కమిటీ ముందు చూపించడానికి నా క్లాసునే ఎంచారు. ప్రిన్సిపాల్ గారు ముందురోజు మా ఇద్దర్నీ గదిలోకి పిలిచారు.

"ఆ అమ్మాయిలిద్దరికీ రేపు సెలవిచ్చేద్దామండీ. పాపం కమిటీ వాళ్ళు ఏదో అడిగితే వాళ్ళకి ఇబ్బంది."

"లాభం లేదండి ప్రిన్సిపాల్ గారూ" అన్నారు పెద్దిరాజు గారు. "వచ్చేయమని చెప్పేశాం. ఇప్పుడు వద్దంటే ఒకమ్మాయికి వినబడదు. రెండో అమ్మాయి వినదు."

కమిటీ రోజు ఆయన కొవ్వొత్తులు, అగ్గిపెట్టె, టార్చిలైటు బెంచీ మీద వరసగా పెట్టుకుని కరెంటు పోవడం కోసం ఎదురుచూస్తూ కూర్చున్నారు. కరెంటు పోలేదు. గంటసేపూ ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఆయన మాటిమాటికీ దాని వైపు అనుమానంగా చూశారు.

క్లాసు నేను అనుకున్న దానికంటే బాగా నడిచింది. లైట్లు వేసే ఉంచాను. పిల్లల వైపు తిరిగే మాట్లాడాను. స్లైడు మీద ఉన్న ప్రతి మాటా చదివాను, ప్రతి గీతా ఎటు పోతోందో చెప్పాను. సప్లయి పెరిగితే ధర ఏమవుతుందని అడిగితే లోవలక్ష్మి నా పెదాలు చూసి అందరికంటే ముందు చెయ్యెత్తి, "తగ్గుతుందండి" అని పక్క గదికి కూడా వినబడేలా చెప్పింది. సత్యశ్రీ అట్ట మీద వేళ్ళు జరుపుతూ లేచి, "బోట్లన్నీ ఒక్కసారే ఒడ్డుకి వచ్చిన రోజు మా అమ్మ బుట్ట ధర ఇలాగే జారిపోద్దండి" అంది. జారే చోట సరిగ్గా వేలు ఆపింది. ఇక మాకు తిరుగు లేదనుకున్నాను.

కమిటీ పెద్దాయన కళ్ళజోడు తుడుచుకుంటూ లేచారు. "తెర మీద ఉన్నదే మళ్ళీ చదివారెందుకమ్మా? లైట్లు వేసి ఉంచేసరికి తెర వెలవెలబోయింది. బొమ్మలు లేవు, కదలికలు లేవు. టెక్నాలజీని మీరు సరిగ్గా వాడుకోవడం లేదు" అన్నారు. సత్యశ్రీ చేతిలో అట్ట ఏమిటని ఎవరూ అడగలేదు.

మేము అనుకున్న గ్రేడు రాలేదు. ప్రిన్సిపాల్ గారు వారం రోజులు నాతో మాట్లాడలేదు. స్లైడు ఎలా ఉండకూడదో చెప్పడానికి స్టాఫ్ మీటింగులో నా స్లైడే వేసి చూపించారు. మర్నాటి నుంచి మా ఇద్దరి గదుల్లో తప్ప అన్ని గదుల్లోనూ మళ్ళీ కిటికీలు మూసుకున్నాయి, లైట్లు ఆరిపోయాయి, పావురాలు ఎగిరాయి. పరీక్షలు దగ్గర పడ్డాయి. రెండు సబ్జెక్టులతో ఏ పిల్లా డిగ్రీ గట్టెక్కదు.

స్టాఫ్‌రూములో నేను బల్ల మీద తల వాల్చేశాను. ఓదారుస్తారేమోనని ఒక ఆశ. "నేను ముందే చెప్పానమ్మా" అన్నారు పెద్దిరాజు గారు. "ఆ కరెంటు పోయినా బాగుండేది. లాభం లేదు." ఆ రోజు నాకు కూడా లాభం లేదనే అనిపించింది. జీవితంలో మొదటిసారి ఆయనతో ఏకీభవించి ఇంటికెళ్ళాను.

మర్నాడు దుర్గాసాయి గారి క్లాసులోంచి కేకలు వినిపించాయి. అందరం పరుగెత్తాం. గదంతా కటిక చీకటి. మొదటి బెంచీలో, ఇద్దరు పిల్లల మధ్య పెద్దిరాజు గారు కూర్చున్నారు. ఆయన చేతిలో టార్చిలైటు వెలుగుతోంది. ఆ వెలుగు గుండ్రంగా దుర్గాసాయి గారి మొహం మీద పడుతోంది.

"మొహం మీద లైటేంటండీ రాజుగారూ?"

"మొహం మీద కాదండి, మూతి మీద. లోవలక్ష్మి చూడాలి కదా. మీరు కానివ్వండి."

దుర్గాసాయి గారు ఎడమకి జరిగితే వెలుగు ఎడమకి జరిగింది. తెర వెనక్కి వెళ్ళబోతే అక్కడికీ వచ్చింది. ఆయన గత్యంతరం లేక స్లైడు మార్చి, "ఇక్కడ చూడండి" అన్నారు. వెంటనే మొదటి బెంచీలోంచి సత్యశ్రీ కోసం గొణుగుడు మొదలైంది. "కుడి మూల ప్రిన్సిపాల్ గారి ఫొటో ఉందమ్మా. నవ్వట్లేదు. ఎడం పక్కన పూలకుండీ. రెండు చిలకలు వస్తున్నాయి, ఆగు, గుద్దుకున్నాయి. మధ్యలో చీమలు పాకినట్టు ఏదో ఉంది. అదే పాఠమయ్యుంటుంది."

క్లాసు గొల్లుమంది.

"పక్కన ఆ గొణుగుడేంటండీ?"

"స్లైడు చదువుతున్నానండి. మీరు చదవట్లేదు కదా."

తనకి క్లాసు లేని గంటల్లో ఆయన ఇదే పని పెట్టుకున్నారు. ఏ గది చీకటైతే ఆ గదిలో టార్చిలైటు వెలిగేది. లెక్చరర్లందరూ మూకుమ్మడిగా ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్ళి మొరపెట్టుకున్నారు. ఆయన వెంటనే పెద్దిరాజు గారిని పిలిపించి గద్దించారు. పెద్దిరాజు గారు వినయంగా చేతులు కట్టుకుని, బ్యాటరీలు కాలేజీవి కాదండి, నా సొంతం అన్నారు. ఇంకో నెలలో పరీక్షలు, రెండేళ్ళలో రిటైర్మెంటు ఉన్న మనిషిని ఏమని బెదిరిస్తారు? ప్రిన్సిపాల్ గారు చివరికి నీరసంగా, "లైట్లు వేసుకోండయ్యా, అప్పుడాయన టార్చి వేయరు" అన్నారు.

అలా లైట్లు వెలిగాయి. ఆయన వర్ణన భరించలేక ఎవరి స్లైడు వాళ్ళే పైకి చదవడం నేర్చుకున్నారు. పావురాలు, చిలకలు, పూలకుండీలు వర్ణనలో మరీ నవ్వులపాలవుతున్నాయని తీయించేశారు. "నవ్వట్లేదు" అన్న మాట ఊరంతా పాకడంతో ప్రిన్సిపాల్ గారే చిట్టియ్యకి కబురు పెట్టి అన్ని స్లైడుల్లోంచీ తన ఫొటో ఎత్తించేశారు. ఖాళీ అయిన చోట అక్షరాలు పెద్దవయ్యాయి.

"గెలిచారండీ" అన్నాను స్టాఫ్‌రూములో.

"లాభం లేదమ్మా. వీళ్ళు అర్థమై చేయట్లేదు. నన్ను వదిలించుకోవడానికి చేస్తున్నారు. నేను రిటైరైన మర్నాడు మళ్ళీ చీకటే."

మార్చి పరీక్షల్లో ఆ పిల్లలిద్దరూ పాసయ్యారు. సత్యశ్రీకి ఎకనామిక్సులో ఫస్టుక్లాసు మార్కులు వచ్చాయి. తలుపులమ్మ కబురు విని కాలేజీకి వచ్చి, ఎవరితో ఏం మాట్లాడాలో తెలియక, వరండాలో కాసేపు నిలబడి, పిల్లని ఇంకో ఏడాది ఉంచుతానని బుల్లియ్యకి చెప్పి వెళ్ళిపోయింది.

ఆ ఇంకో ఏడాదీ గడిచింది. ఫైనలియర్ పిల్లల వీడ్కోలు సభ రోజు షామియానా కింద సత్యశ్రీ, లోవలక్ష్మి నా పక్కన కూర్చున్నారు. పెద్దిరాజు గారు దూరంగా వంటవాళ్ళ దగ్గర నిలబడి, కూరకి ఉప్పు చాలదేమోనని వాళ్ళని హడలగొడుతున్నారు. ఏదో మాటల్లో నేను, "మీ పెద్దిరాజు సారు లాభం లేదు అనకుండా ఒక్క పూట గడిస్తే చూడాలని ఉందే" అన్నాను.

"ఏమనకుండా మేడమ్?" అంది సత్యశ్రీ.

"లాభం లేదు అని. పొద్దస్తమానం అదే కదా ఆయన పాట."

సత్యశ్రీ నవ్వింది. "సారు అలా అనరండి. మీరు ఇంకెవర్నో అనుకుంటున్నారు."

వరండాలో నడుస్తున్నది బుల్లియ్యో ప్రిన్సిపాల్ గారో చెప్పుల చప్పుడుని బట్టి చెప్పే పిల్ల అది. మూడేళ్ళలో ఆ మాట ఒక్కసారి ఆయన నోటి వెంట వచ్చినా ఆమె చెవి దాటిపోదు. లోవలక్ష్మి వైపు తిరిగి అదే అడిగాను. మూడేళ్ళు ఆయన పెదాలు కళ్ళార్పకుండా చూసిన పిల్ల. నా ప్రశ్న విచిత్రంగా తోచినట్టుంది, తల అడ్డంగా ఊపి, "అవుతుందమ్మా అంటారండి. ఎప్పుడూ అదే అంటారు" అని షామియానా అంతా వినబడేలా చెప్పింది.

నేను కూర్చున్నచోటే జ్ఞాపకాలు తవ్వుకున్నాను. బస్టాండులో అన్నారు, స్టాఫ్‌రూములో అన్నారు, చిట్టియ్య షాపులో అన్నారు, ప్రిన్సిపాల్ గారి మొహం మీదే అన్నారు. ఆ పిల్లలున్న చోట అన్నట్టు ఒక్కటీ తగల్లేదు. ఇక ఉండబట్టలేక లేచి వంటల దగ్గరికి వెళ్ళాను.

"ఏమండీ రాజుగారూ, ఆ మాటతో మా అందరి ప్రాణాలూ తోడేశారు. ఆ ఇద్దరి దగ్గర మాత్రం ఒక్కసారి కూడా అనలేదటగా?"

ఆయన కంగారుగా షామియానా వైపు చూశారు. లోవలక్ష్మి ఇటే చూస్తోంది. ఆయన ఆమెకి వీపు పెట్టి నిలబడి, సత్యశ్రీకి కూడా అందనంత చిన్నగా గొంతు తగ్గించారు.

"వాళ్ళ దగ్గర అని లాభం లేదమ్మా. వాళ్ళు నమ్మరు."